ఉస్తాద్ ముందు సబఖ్, చేతిలో ఫోన్: ముస్లిం ఇళ్లలో తర్బియత్‌కు చిక్కు ఎక్కడ?

సంక్షిప్తంగా: ఇస్లామీ కుటుంబ శిక్షణ (తర్బియత్) సమాచారం కన్నా సహవాసాన్నే ఎక్కువగా నమ్ముకున్నది. పిల్లవాడు ఎవరి పక్కన కూర్చుంటున్నాడో పెద్దల కంటికి కనిపించే కాలంలో కుదురుకున్న పద్ధతి అది. ఫోన్ వచ్చాక ఆ సహవాసం కనిపించకుండా పోయింది. నిఘా యాప్‌లు, వయోపరిమితి చట్టాలు ఈ చిక్కులో ఒక కొసనే పట్టుకోగలుగుతున్నాయి. ఒక్కోసారి ఆ సంప్రదాయం వద్దన్న పనినే పెద్దల చేత చేయిస్తున్నాయి.

హైదరాబాద్ పాతబస్తీలో మగ్రిబ్ (సూర్యాస్తమయపు) నమాజు ముగిశాక మసీదు పక్క గదిలో మక్తబ్ (పిల్లలకు ఖుర్‌ఆన్ నేర్పే బడి) మొదలవుతుంది. రెహల్ (పుస్తకం పెట్టే చెక్క పీట) మీద ఖాయిదా (అరబీ అక్షరాల వాచకం) తెరిచి ఉంటుంది. ఎదురుగా టోపీ సర్దుకుంటూ ఏడేళ్ల పిల్లవాడు. 'ఐన్' పలకమంటే 'అలిఫ్'లాగా పలుకుతాడు. ఉస్తాద్ (గురువు) తన గొంతు మీద వేలు పెట్టి, శబ్దం ఎక్కడి నుంచి రావాలో చూపిస్తాడు. పిల్లవాడు నాలుగుసార్లు తప్పుతాడు, ఐదోసారి పలుకుతాడు. ఉస్తాద్ తలాడిస్తాడు, వేలు పక్క అక్షరం మీదికి జరుగుతుంది. ఇషా (రాత్రి నమాజు) వేళకు పిల్లవాడు ఇంటికి చేరతాడు. అమ్మీ వంటింట్లో ఉంది, ఫోన్ మంచం మీద ఉంది. అక్కడి నుంచి నిద్రపోయేదాకా వాడికి ఉస్తాద్ ఎవరన్నది ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు.

పిల్లలు ఫోన్ చూసి చెడిపోతున్నారన్న మాట అన్ని మతాల ఇళ్లలోనూ వినిపిస్తుంది. ముస్లిం కుటుంబాల విషయంలో విడిగా చూడాల్సింది మరొకటి ఉంది. శీలాన్ని ఎలా పెంచాలన్నదానికి వాళ్ల దగ్గర వెయ్యేళ్ల నాటి రాతపూర్వక చర్చ ఉంది. ఆ చర్చలో ఫోన్‌కు సరిపోయేది ఎంత, సరిపోనిది ఎంత అన్నదే ఇక్కడి ప్రశ్న.

తాలీమ్ వేరు, తర్బియత్ వేరు

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఈ రెండు మాటలనూ జంటగానే వాడతారు కానీ అర్థం ఒకటి కాదు. తాలీమ్ అంటే చదువు చెప్పడం. తర్బియత్ అంటే పెంచడం. పెరుగుదలను సూచించే అరబీ ధాతువు నుంచి వచ్చిన మాట. "వాడికి తాలీమ్ ఉంది, తర్బియత్ లేదు" అంటే డిగ్రీ ఉంది, పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు అని. 1977లో మక్కాలో జరిగిన తొలి ప్రపంచ ముస్లిం విద్యా సదస్సులో మలేసియా తత్త్వవేత్త సయ్యిద్ ముహమ్మద్ నఖీబ్ అల్-అత్తాస్ ఈ మాటల మీదే వాదన లేవనెత్తారు. ఆయన దృష్టిలో తర్బియత్ మొక్కకూ పశువుకూ కూడా వర్తించే మాట. మనిషికి కావలసింది 'తాదీబ్', అంటే అదబ్ నేర్పడం. దేన్ని ఎక్కడ ఉంచాలో, ఎవరికి ఏ స్థానం ఇవ్వాలో తెలియడమే ఆయన చెప్పిన అదబ్.

ఈ అదబ్ పుస్తకంలోంచి రాదు, పక్కన కూర్చుంటే వస్తుంది. దీనికి వాడే మాట 'సొహబత్'. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారన్న తెలుగు సామెత చెప్పేదీ అదే. బుఖారీ, ముస్లిం అనే పండితుల హదీసు (ప్రవక్త మాటలు, చేతల నివేదిక) సంకలనాల్లో దీనికో పోలిక ఉంది. మంచి స్నేహితుడు కస్తూరి అమ్మేవాడి లాంటివాడు: ఏమీ కొనకపోయినా వాసన అంటుతుంది. చెడ్డ స్నేహితుడు కొలిమి ఊదేవాడి లాంటివాడు: నిప్పురవ్వ పడి బట్ట కాలకపోయినా పొగ అంటుతుంది. చార్మినార్ దగ్గర అత్తరు దుకాణం ముందు కాసేపు నిలబడ్డవాళ్లకు ఈ పోలికను విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇస్లామీ పండితుడు గజాలీ (1058–1111) పిల్లల పెంపకం గురించి రాసినప్పుడు బిడ్డను తల్లిదండ్రుల చేతిలోని 'అమానత్' అన్నాడు; అంటే ఒకరు నమ్మి దాచమని ఇచ్చిన సొత్తు. ఆ వెంటనే ఆయన నొక్కిచెప్పింది చెడు సహవాసం నుంచి కాపాడమనే. అయితే ఆయన్ని ఊరికే కఠినుడిగా ఊహించుకుంటే పొరపాటు. మక్తబ్ నుంచి వచ్చిన పిల్లవాణ్ని ఆడుకోనివ్వాలని, ఆట మాన్పించి చదువే చదువంటే వాడి మనసు చచ్చిపోతుందని కూడా ఆయనే రాశాడు.

కనిపించని సావాసం

పాత పద్ధతికి ఆధారం గల్లీ. పిల్లవాడు ఎవరితో తిరుగుతున్నాడో కిరాణా కొట్టు చాచాకు తెలుసు, మేడ మీది ఖాలాకు తెలుసు. తప్పుడు సావాసమైతే సాయంత్రానికి ఇంటికి కబురు చేరుతుంది. ఆ కబుర్లలో చాడీలూ ఉండేవి, అది వేరే సంగతి. ఫోన్‌లో దొరికే సావాసానికి మాత్రం గల్లీ సాక్ష్యం లేదు. పిల్లవాడు తల్లి పక్కనే కూర్చుని ఉంటాడు. వాడు ఎవరి మాట వింటున్నాడో ఇయర్‌ఫోన్‌కు తప్ప తెలియదు.

ఆ సావాసాన్ని ఎంచుకుంటున్నది కూడా పూర్తిగా పిల్లవాడు కాదు. ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగాడు, దేన్ని మళ్లీ చూశాడు అన్న లెక్కను బట్టి తర్వాతి వీడియో వస్తుంది. వాడు ఆగేలా చేసేది ఏదన్నదే ఆ యంత్రానికి కావాలి. మంచా చెడా అన్నది దాని లెక్కలో లేదు. అందుకే నాత్ (ప్రవక్తను స్తుతించే గీతం) విన్న పిల్లవాడికి పది నిమిషాల్లో ఇద్దరు మౌలానాలు తిట్టుకునే వీడియో చేరుతుంది. మతం పేరున్నంత మాత్రాన అది మంచి సొహబత్ అయిపోదన్న సంగతి చాలా ఇళ్లలో ఆలస్యంగా అర్థమవుతోంది.

హిఫ్జ్ (ఖుర్‌ఆన్ కంఠస్థం) చదివే పిల్లల దినచర్య పక్కన పెట్టి చూస్తే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. కొత్త సబఖ్ (పాఠం) ఒప్పజెప్పినంత మాత్రాన పని అయిపోదు. ఈమధ్య చదివిన భాగాన్ని 'సబఖ్ పారా'గా మళ్లీ చదవాలి, ఎప్పుడో చదివిన పాతదాన్ని 'ఆమూఖ్తా'గా తిరగేయాలి. 30 పారాలు (భాగాలు), 6,236 ఆయతులు (వాక్యాలు) మనసులో నిలవడానికి కారణం తెలివితేటల కన్నా ఈ తిరగేతే. రీల్స్‌లో ఆమూఖ్తా లేదు. నిన్న చూసింది ఈరోజు ఎవరూ అడగరు. ఒకచోట మెప్పు రావడానికి గంట పడుతుంది, ఇంకోచోట పదిహేను సెకన్లు చాలు. ఒకే పిల్లవాడు ఈ రెండింటి మధ్యా రోజూ తిరుగుతున్నాడు.

ఫోన్ ఇంట్లోకి దొంగతనంగా వచ్చిందేమీ కాదు. 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాత చదువు పేరుతో రాచమార్గంలోనే వచ్చింది. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడుల పిల్లలకు ఫోన్ తప్పనిసరైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ప్రభుత్వమే ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల మీద అసర్ (వార్షిక విద్యా స్థితి సర్వే) 2024 నివేదిక ఇచ్చిన లెక్క చూస్తే, 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలమన్నారు. వారిలో అంతకుముందు వారంలో చదువుకు వాడినవారు సుమారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు సుమారు 76 శాతం. ఇవి ఒక మతానికి సంబంధించిన అంకెలు కావు. చదువు కోసం తెరిచిన తలుపులోంచి ఏది ఎక్కువగా నడిచిందో మాత్రం చెబుతాయి.

నాన్న ఫోన్‌లోనే ఉంటే

తెలుగు నేల మీద ఈ చర్చకు ఉన్న ప్రత్యేకమైన ముడి గల్ఫ్. హైదరాబాద్, నిజామాబాద్, కరీంనగర్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాల్లో ముస్లింలూ పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. 'ఫోన్ తీసేసుకోండి' అన్న సలహా ఆ ఇళ్లలో చెల్లదు. ఎందుకంటే అక్కడ నాన్న ఉండేది ఫోన్‌లోనే.

సౌదీ అరేబియా ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధాన్ని 2017 సెప్టెంబర్‌లో ఎత్తేశాక వీడియో కాల్ రోజువారీ అలవాటైంది. యూఏఈలో వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి అక్కడివాళ్లు బోటిమ్ లాంటివి వాడతారు. సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. జెద్దాలో రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ దిగిన తండ్రి గదికొచ్చి ఫోన్ చేసేసరికి ఇక్కడ పదిన్నర దాటుతుంది. "నమాజ్ చదివావా? సబఖ్ ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతాడు. పిల్లవాడు చదివానంటాడు. పావుగంటలో కాల్ అయిపోతుంది. ఫోన్ మాత్రం వాడి చేతిలోనే ఉంటుంది, వేళ పదకొండు అవుతుంది.

ఈ ఏర్పాటులో తండ్రి పాత్ర ప్రశ్నలు అడగడానికి కుదించుకుపోయింది. కలిసి వుజూ (నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కోవడం) చేయడం, జుమాకు (శుక్రవారం నమాజుకు) వేలు పట్టుకుని తీసుకెళ్లడం, ఇంటికొచ్చిన చుట్టానికి సలాం చెప్పేటప్పుడు తండ్రి ఎలా లేచి నిలబడతాడో చూడటం ఏదీ కాల్‌లో ఇమడదు. ఆ పనులు దాదా (తాత), మామూల మీద, ఎక్కువగా తల్లి మీద పడుతున్నాయి. ఫోన్ సెట్టింగుల విషయంలో ఆ తల్లికి సాయం చేసేది మళ్లీ ఆ పిల్లవాడే. ఆమె జీమెయిల్ తెరిచిందీ వాడే, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకున్నదీ వాడే.

నిఘా పెడితే ఏమవుతుంది

పేరెంటల్ కంట్రోల్ యాప్‌లు ఇచ్చే హామీ ఒక్కటే: పిల్లవాడు ఏం చేస్తున్నాడో మీకు తెలుస్తుంది. ఇస్లామీ సంప్రదాయంలో ఈ హామీ రెండు వేర్వేరు సూత్రాల మధ్య ఇరుక్కుంటుంది. "మీలో ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పాలి" అన్న హదీసు ఒకటి. ఖుర్‌ఆన్ 49వ సూరా (అధ్యాయం) 12వ ఆయతులో ఒకరి గుట్టు ఒకరు తవ్వుకోవద్దన్న 'తజస్సుస్' నిషేధం రెండోది. మైనరు పిల్లల మీద కాపలా సంరక్షకుడి బాధ్యతే, తజస్సుస్ కిందకు రాదు అన్న వాదనకు బలం ఉంది. అయితే పిల్లవాడికి చెప్పి పెట్టిన కాపలాకూ వాడికి తెలియకుండా చాటింగులు చదవడానికీ తేడా లేకపోలేదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో పాతవాళ్ల రాతల్లోనే దొరుకుతుంది. చేసిన తప్పును పిల్లవాడు దాచాలని చూస్తుంటే, మొదటిసారికి చూడనట్టే ఊరుకోమంటాడు గజాలీ. బయటపెడితే సిగ్గు పోతుంది, సిగ్గు పోతే తెగింపు వస్తుందన్నది ఆయన లెక్క. మళ్లీ చేస్తే నలుగురిలో కాకుండా చాటుగా మందలించమంటాడు. నిఘా యాప్‌లో ఈ 'చూడనట్టు ఊరుకోవడం' లేదు. మొదటి తప్పుకే నోటిఫికేషన్ మోగుతుంది. గజాలీ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్లకు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) ఇంకో వైపు నుంచి ఇదే చోటికి వచ్చాడు. కాఠిన్యంతో పెరిగిన పిల్లలు భయం కొద్దీ అబద్ధమాడటం, పైకొకటి లోపలొకటిగా ఉండటం నేర్చుకుంటారని, క్రమంగా అదే వాళ్ల స్వభావమైపోతుందని రాశాడు. రెండో ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, కాలిక్యులేటర్ బొమ్మ వెనక దాక్కున్న ఫోటోల యాప్ ఆయనకు తెలియవు. అవి పుట్టే తీరు మాత్రం ఆయన చెప్పినదే.

ముస్లిం ఇళ్లలో తరతరాలుగా చెప్పుకునే ఒక కథ ఈ సందర్భంలో పనికొస్తుంది. ఖలీఫా ఉమర్ రాత్రిపూట గస్తీ తిరుగుతుంటే ఒక ఇంట్లో తల్లి కూతురితో పాలల్లో నీళ్లు కలపమంటుంది. ఖలీఫా వద్దన్నాడు కదా అంటుంది కూతురు. ఉమర్ ఇప్పుడు చూస్తున్నాడా అంటుంది తల్లి. ఉమర్ చూడకపోతే ఉమర్ ప్రభువు చూస్తున్నాడు కదా అని కూతురి జవాబు. ఈ కథ బిగువంతా కాపలా లేదనుకున్న చోటే ఉంది. ఎవరూ లేనప్పుడు కూడా చూసేవాడు ఉన్నాడన్న ఎరుకనే 'మురాఖబా' అంటారు. యాప్ చెప్పే పాఠం వేరు: ఉమర్ ఎప్పుడూ చూస్తూనే ఉన్నాడు. యాప్ తీసేసిన రోజున పిల్లవాడి దగ్గర మిగిలేది ఏమిటన్న ప్రశ్నకు దాన్ని తయారుచేసిన కంపెనీ జవాబు చెప్పనక్కర్లేదు.

అలాగని నాలుగైదేళ్ల బిడ్డకు మురాఖబా గురించి చెప్పి ఫోన్ చేతికిస్తే కుదరదు. ఆ వయసుకు హద్దు పెద్దలే పెట్టాలి. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని, ఏడాది లోపువాళ్లకు అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడేళ్లకు నమాజు చెప్పమని, పదేళ్లకు పట్టుబట్టమని హదీసులో ఉన్న మెట్ల వరస కూడా ఈ తరహాదే: ముందు అలవాటు, తర్వాత పట్టింపు, ఆ తర్వాత వాడి లెక్క వాడిది.

మొదటి అబద్ధం పుట్టిన తేదీ

సోషల్ మీడియా వేదికల్లో ఎక్కువ భాగం కనీస వయసు 13 అంటాయి. పదేళ్ల పిల్లవాడికి ఖాతా కావాలంటే పుట్టిన సంవత్సరం మార్చాలి. చాలాసార్లు ఆ అంకె నొక్కేది అన్నో, ఆపా (అక్క)నో, తల్లో. 'సిద్ఖ్', అంటే సత్యం, తర్బియత్‌లో మొదటి మెట్టు అనుకునే ఇంట్లో డిజిటల్ జీవితం మొదలయ్యేదే ఒక అబద్ధంతో. అబూ దావూద్ సంకలనంలోని ఒక హదీసు ఇక్కడ సూటిగా తగులుతుంది. ఒక తల్లి బిడ్డను 'రా, నీకొకటి ఇస్తా' అని పిలుస్తుంది. ఏమిద్దామనుకున్నావని ప్రవక్త అడుగుతారు. ఖర్జూరం అంటుంది ఆమె. ఏమీ ఇవ్వకుండా ఉండి ఉంటే అది నీ పేరిట అబద్ధంగా రాయబడేది అంటారాయన. ఒక ఖర్జూరం దగ్గరే అంత పట్టింపు.

వయసు విషయంలో నాలుగు గడియారాలు నాలుగు రకాలుగా నడుస్తున్నాయి. కంపెనీకి 13. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ల లోపువారికి ప్రధాన సోషల్ మీడియా ఖాతాలు బంద్. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివారంతా పిల్లలే. ఇక ఫిఖ్‌హ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) ప్రకారం పిల్లవాడు 'బాలిగ్' (యుక్తవయస్కుడు) అయినప్పటి నుంచి తన పనులకు తానే జవాబుదారీ. శరీరంలో గుర్తులు కనిపించకపోతే 15 ఏళ్లను హద్దుగా తీసుకుంటారు. తెలుగు రాష్ట్రాల ముస్లింలలో అత్యధికులు పాటించే హనఫీ ధర్మశాఖ ఫత్వా (తీర్పు) అదే, హైదరాబాద్‌లోని బార్కస్‌లో కనిపించే షాఫయీ శాఖవారిదీ అదే. అంటే పదహారేళ్ల కుర్రాడు దీన్ (మతం) ప్రకారం పెద్దవాడు, చట్టం ప్రకారం చిన్నవాడు. నమాజు దగ్గర 'నువ్వు బాలిగ్‌వి', ఫోన్ దగ్గర 'నువ్వింకా చిన్నపిల్లాడివి' అన్న మాటలు ఒకే నోట ఒకే పూట వినడం ఆ వయసు పిల్లలకు కొత్త కాదు.

ఉస్తాద్ యాప్‌లో ఉంటే

ఫోన్ వల్ల ఒరిగింది కూడా ఉంది, దాన్ని తక్కువ చేయలేం. మక్తబ్ లేని పల్లెలోని బాలిక ఇప్పుడు వీడియో కాల్‌లో తజ్వీద్ (ఖుర్‌ఆన్ ఉచ్చారణ నియమాలు) నేర్చుకోగలదు. ఉర్దూ లిపి రాని తెలుగు మీడియం, ఇంగ్లిష్ మీడియం పిల్లలకు దువాల (ప్రార్థనల) అర్థం తెలుగులో చేతికందింది. అమెరికాలోని తెలుగు ముస్లిం కుటుంబం పిల్లలు హైదరాబాద్ ఉస్తాద్‌కు సబఖ్ వినిపించడమూ ఇప్పుడు విడ్డూరం కాదు.

చిక్కంతా చెప్పేది ఎవరన్న దగ్గరే. హదీసు విద్యకు వెన్నెముక 'సనద్': నాకు ఫలానా వారు చెప్పారు, వారికి ఫలానా వారు చెప్పారు అన్న గొలుసు. "ఇస్నాదే (ఈ గొలుసే) లేకపోతే ఎవడికి తోచింది వాడు చెప్పేవాడు" అన్న హదీసు పండితుడు అబ్దుల్లా ఇబ్న్ ముబారక్ మాట ప్రసిద్ధం. వాట్సాప్ ఫార్వర్డ్‌కూ గొలుసు ఉంది కానీ అందులో పేర్లుండవు. పది మందికి పంపితే శుభవార్త, ఆపితే కీడు అంటూ వచ్చే 'హదీసు'ను పిల్లలు ఎక్కువగా చూసేది దాదీ (నానమ్మ) ఫోన్‌లోనే. విన్నదల్లా చెప్పడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలన్న హదీసు ఉంది. వార్త వస్తే ఆరా తీయమన్న ఆయతు (49:6) ఉంది. వాటి మీద బయాన్ (మత ప్రసంగం) వీడియోను కూడా ఆరా తీయకుండానే ముందుకు పంపుతారు.

మత యాప్ అనగానే భరోసా పడటానికీ లేదు. నమాజు వేళలు, ఖిబ్లా (నమాజుకు తిరగాల్సిన మక్కా వైపు) దిశ చూపే ముస్లిం ప్రో యాప్ వాడకందారుల లొకేషన్ డేటా ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు చేరుతోందని, ఆ సంస్థ ఖాతాదారుల్లో అమెరికా సైన్యంతో పనిచేసే కాంట్రాక్టర్లున్నారని 2020 నవంబర్‌లో పాత్రికేయుల పరిశోధనలో బయటపడింది. యాప్ యాజమాన్యం ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నట్టు ప్రకటించింది.

అమ్మాయికో రూలు, అబ్బాయికో రూలు

ఆచరణలో ఆంక్షలు ఎక్కువగా ఆడపిల్లల మీదే పడుతున్నాయి. ఇంటర్ చదివే అన్న ఫోన్ రాత్రంతా వాడిదే. చెల్లి ఫోన్ తొమ్మిదింటికి అమ్మీ తలగడ కిందికి పోతుంది. దీనికి దీన్‌ను సాక్ష్యంగా చూపిస్తారు. కానీ చూపు దించుకోమన్న ఆదేశం ఖుర్‌ఆన్‌లో ముందు మగవాళ్లకు వచ్చింది (24:30), ఆ తర్వాతి ఆయతులో ఆడవాళ్లకు. తెరలోకి చూసే చూపు దించుకోవాల్సిన వాళ్ల వరసలో కొడుకు ముందున్నాడు.

తల్లిదండ్రుల భయానికి కారణాలు లేవనలేం. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేర్లతో ముస్లిం మహిళల ఫోటోలను ప్రోగ్రామ్‌లు పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో 'వేలానికి' పెట్టారు. ఆ తర్వాత కూతురి ఫోటో డీపీగా పెట్టనివ్వని ఇళ్లు పెరిగాయంటే ఆశ్చర్యం లేదు. రెండో కేసులో అరెస్టయినవారిలో 18 ఏళ్ల యువతి కూడా ఉంది. ఆమె చుట్టూ ఉన్న పెద్దలకూ ఫోన్‌లోని సావాసం కనిపించి ఉండదు.

చట్టాలు ఎంతవరకు

ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా ఉన్న దేశాల్లో ఒకటైన ఇండోనేసియా 2025 మార్చిలో పిల్లల ఆన్‌లైన్ రక్షణకు ప్రభుత్వ నిబంధన తెచ్చింది. ఆస్ట్రేలియాలా ఒకే గీత గీయకుండా, వేదిక ఎంత ప్రమాదకరమో చూసి వయసు మెట్లు పెట్టింది. బాధ్యతను తల్లిదండ్రుల మీద వదిలేయకుండా కంపెనీల మీదికి నెట్టడం రెండింటిలోనూ ఉన్న పోలిక.

భారత్ దారి వేరు. ఇక్కడి చట్టం తలుపు తాళం తల్లిదండ్రుల చేతిలో పెట్టింది. 18 ఏళ్ల లోపువారి డేటా వాడాలంటే సంస్థలు తల్లిదండ్రుల నుంచి నిర్ధారించుకోదగ్గ అనుమతి తీసుకోవాలి. పిల్లల నడవడిని వెంటాడి గమనించడం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపడం నిషిద్ధం. రీల్స్ వెనక పనిచేసే సొహబత్ యంత్రాన్ని కాస్తయినా తాకగలిగేది ఈ రెండో నిబంధనే. 2025 నవంబర్‌లో నిబంధనలు వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఉంది. కాబట్టి అసలు పరీక్ష 2027లో.

ఆ అనుమతి అడిగే సంస్థ తన ముందు ఇద్దరు మనుషులు, రెండు ఫోన్లు ఉన్నాయని ఊహించుకుంటుంది. తండ్రి జెద్దాలో, తల్లి వంటింట్లో ఉండి ఒక్క ఫోన్‌తో నడిచే ఇంట్లో, అనుమతి కోసం తల్లికి వచ్చే ఓటీపీ పిల్లవాడి చేతిలోనే మోగుతుంది.